నాయనతో కలిసి న్యూజెర్సీ సముద్రపు ఒడ్డున స్ట్రైప్డ్ బాస్ పట్టాలంటే ఎలా సిద్ధపడాలి?

హంద్రీ గట్టు (కర్నూలు) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేనూ మా నాయనా అక్టోబరు మధ్యలో బయలుదేరి న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉంటున్న మా అక్క ఇంటికి వెళ్తున్నాం. తిరుగు ప్రయాణం నవంబరు చివరి వారంలో ఉంది. మా నాయనకు 67 ఏళ్లు. ఉద్యోగం చేసిన రోజుల్లో సెలవు దొరికితే సుంకేసుల దిగువన గానీ, కె.సి. కాలువ గట్టున గానీ గాలం వేసుకుని కూర్చునేవారు. వాలుగ, జెల్ల, బొచ్చె ఆయనకు బాగా తెలిసిన చేపలు. సముద్రంలో గాలం వేయడం మాత్రం ఆయనా ఎరగరు, నేనూ ఎరగను. చలికాలానికి ముందు స్ట్రైప్డ్ బాస్ అనే పెద్ద చేప అక్కడ ఒడ్డు దగ్గరికే వస్తుందని, పడవ లేకుండా ఇసుకలో నిలబడే పట్టవచ్చని మా బావ ఫోనులో చెప్పినప్పటి నుంచి ఆయన భోజనానికి కూర్చున్న ప్రతిసారీ ఆ మాటే ఎత్తుతున్నారు.

ఉన్న ఆరు వారాల్లో ఏ రోజులు ఇందుకు అనువైనవి? చుట్టపుచూపుగా వచ్చినవారికి అనుమతి ఏమైనా కావాలా? ఇక్కడి గాలపు సామాను అక్కడ పనికివస్తుందా? ఆయనకు మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి అలల్లో నిలబడటం ప్రమాదమా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు, కడప జిల్లా) జవాబు:

నేను ఉద్యోగరీత్యా కొన్నేళ్లు న్యూజెర్సీలో ఉండి తిరిగివచ్చాను. మీ ప్రయాణపు తేదీలు బాగా కుదిరాయి. ఈ చేప వసంతంలో చెసపీక్ అఖాతంలోకి వచ్చే నదుల్లోనూ, డెలావేర్, హడ్సన్ నదుల్లోనూ గుడ్లు పెట్టి, ఎండాకాలమంతా ఉత్తరాన మసాచుసెట్స్, మెయిన్ తీరాల్లో మేసి, పగళ్లు కురచనై నీళ్లు చల్లబడేసరికి తీరం వెంబడి దక్షిణానికి దిగుతుంది. దాని ముందు చిన్న చేపల గుంపులు కదులుతుంటాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో మల్లెట్, ఆ తర్వాత అక్కడివారు బంకర్ అని పిలిచే మెన్‌హేడెన్, నవంబరులో సన్నని ఇసుక ఈల్ చేపలు వస్తాయి. న్యూజెర్సీ ఒడ్డుకు అసలైన గుంపులు చేరేది అక్టోబరు నెలాఖరు నుంచే కాబట్టి, దిగిన మరునాడే సముద్రానికి పరుగెత్తకుండా నవంబరు మొదటి మూడు వారాలను ఇందుకోసం అట్టిపెట్టుకోండి. అప్పటికి సముద్రపు నీరు 11 నుంచి 14 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది, తెల్లవారుజామున గాలి అంతకంటే చల్లగా ఉంటుంది. మన సీమ ఎండలకు అలవాటుపడిన పెద్దాయనకు ఉన్ని టోపీ, చేతి తొడుగులు, గాలి చొరబడని పైకోటు గాలపు కర్ర కంటే ముందు కొనవలసిన సామాను.

అనుమతి విషయంలో చింత లేదు. సముద్రపు చేపల వేటకు న్యూజెర్సీలో డబ్బు కట్టే లైసెన్సు లేదు. 16 ఏళ్లు నిండినవారు రాష్ట్రం నిర్వహించే రిజిస్ట్రీలో ఉచితంగా పేరు నమోదు చేసుకుంటే చాలు, అది ఇంటర్నెట్‌లోనే పూర్తవుతుంది. నియమాలు మాత్రం కఠినంగా ఉంటాయి. 2023 నుంచి 28 అంగుళాలకు తగ్గకుండా 31 అంగుళాలకు మించకుండా ఉన్న చేపను మాత్రమే, అదీ మనిషికి రోజుకు ఒక్కటే, ఇంటికి తీసుకుపోవచ్చు. ఈ కొలతలు మారుతూ ఉంటాయి కాబట్టి వెళ్లేముందు రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోండి. ముక్కు కొన నుంచి తోక కొన వరకు కొలవాలి. 40 అంగుళాల చేప పడితే దాన్ని నీళ్లలోకి వదిలేయవలసిందే. మన ఊళ్లో పెద్ద వాలుగ పడితే వీధంతా చూపించి ఇంటికి తెస్తాం కదా, మీ నాయనగారికి ఈ ఒక్క సంగతి విమానం ఎక్కకముందే నచ్చజెప్పి ఉంచడం మంచిది. అంత పెద్దవి దాదాపు అన్నీ ఆడచేపలే, ఒక్కొక్కటి లక్షలాది గుడ్లు పెడుతుంది. 1980ల్లో ఈ జాతి ఎంతగా తగ్గిపోయిందంటే 1985 నుంచి 1990 వరకు మేరీలాండ్ రాష్ట్రం దీని వేటనే నిషేధించింది. ఇటీవల చెసపీక్‌లో పిల్లలు మళ్లీ సరిగా పుట్టకపోవడంతో ఈ కట్టుబాట్లు వచ్చాయి.

చోటు సంగతికి వస్తే, ఎడిసన్‌కు దగ్గరైనది శాండీ హుక్, కాస్త దూరమైనా నాకు ఇష్టమైనది ఐలాండ్ బీచ్ స్టేట్ పార్క్. అక్కడ దాదాపు పది మైళ్ల పొడవున ఇళ్లూ దుకాణాలూ లేని ఇసుక తీరం ఉంటుంది. కారు నిలిపిన చోటి నుంచి నీటి వరకు నడవవలసింది కొద్దిపాటి దూరమే.

అనంత గాలం (అనంతపురం, ప్రస్తుతం న్యూజెర్సీ) జవాబు:

పై జవాబులో చెప్పినవి సరైనవే. సామాను, పద్ధతి గురించి నేను చెబుతాను. నదిలో వాడే తేలికపాటి కర్ర ఇక్కడ పనికిరాదు. తొమ్మిది నుంచి పదకొండు అడుగుల పొడవుండి, వంద గ్రాముల సీసపు గుండును రెండు చేతులతో విసరగలిగిన రాడ్డు, ఉప్పునీటికి తట్టుకునే రీలు, 30 పౌండ్ల బరువు తట్టుకునే అల్లిక దారం కావాలి. ఇవన్నీ ఇక్కడే కొనుక్కోండి. ముళ్లు కూడా తేవద్దు. ఎందుకంటే 2021 నుంచి ఎర గుచ్చి స్ట్రైప్డ్ బాస్‌ను పట్టేవారు సర్కిల్ హుక్ అనే గుండ్రంగా లోపలికి వంగిన ముల్లునే వాడాలని నియమం ఉంది. చేప మింగినా అది లోపల దిగబడకుండా జారివచ్చి పెదవి మూలన పట్టుకుంటుంది, కాబట్టి వదిలేసిన చేప బతుకుతుంది.

మీ నాయనగారికి కష్టమనిపించేది బహుశా ఇదే. బెండు మునగగానే చెయ్యి జాడించి గుంజడం ఆయనకు ఏళ్ల తరబడి చేతికి పట్టిన అలవాటు అయివుంటుంది. సర్కిల్ హుక్‌తో అలా గుంజితే ముల్లు నోట్లోంచి ఊరకే బయటికి వచ్చేస్తుంది. దారం బిగుసుకుని రాడ్డు వంగేదాకా ఆగి, తర్వాత నెమ్మదిగా రీలు తిప్పాలి. పిండి ముద్దలు ఇక్కడ పనిచేయవు. బంకర్ చేప ముక్కనో, తుఫాను తర్వాతైతే క్లామ్ అనే పెద్ద ఆలుచిప్ప మాంసాన్నో గుచ్చి, ఇసుకలో కదలకుండా నిలిచే పిరమిడ్ ఆకారపు సీసం కట్టి వేయాలి.

ఎంత దూరం విసరాలన్న ఆదుర్దా వద్దు. ఒడ్డుకూ, నీటి అడుగున ఉండే ఇసుక మేటకూ మధ్య ఒక లోతైన గాడి ఉంటుంది. మేటకు గండి పడిన చోట అల విరగదు, నీరు కాస్త నల్లగా కనిపిస్తుంది. వేకువ చీకట్లో చేపలు ఆ గండి గుండా గాడిలోకి వచ్చి మన కాళ్లకు ముప్పై నలభై గజాల్లోనే మేస్తుంటాయి. నదిలో మడుగు ఎక్కడుందో, సుడి ఎక్కడ తిరుగుతోందో చూసి గాలం వేసే మనిషికి ఇది పట్టుబడటానికి ఎక్కువ సేపు పట్టదు. నిజానికి ఇక్కడ పుట్టి పెరిగిన కుర్రవాళ్లలో చాలామంది నీటిని చూడకుండానే బలమంతా పెట్టి మేట అవతలికి విసిరి ఖాళీ చేతులతో పోతుంటారు. పోటు వచ్చే వేళ వేకువతో కలిసిన రోజును ఎంచుకోండి. పక్షులు గుంపుగా నీటిపైకి దూకుతుంటే ఎరను పక్కన పెట్టి లోహపు రేకు ఎరనో, రబ్బరు చేపనో విసరండి.

హంద్రీ గట్టు:

ఇద్దరికీ ధన్యవాదాలు. నాయనకు చదివి వినిపించాను. గుంజకూడదన్న మాట దగ్గర ఆయన ఒప్పుకోలేదు, చేప మన చేతిలో ఉన్నట్టు ఎలా తెలుస్తుందని అడుగుతున్నారు. మోకాళ్ల సంగతి, అలల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

కొండారెడ్డి బురుజు నీడ (కర్నూలు) జవాబు:

నేను బాస్ చేపను పట్టినవాణ్ణి కాను గానీ, విశాఖలోనూ చెన్నైలోనూ ఒడ్డు నుంచి గాలం వేసినవాణ్ణి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ మన ఊళ్లోకి వచ్చినప్పుడు చూసినవారికి నీటి బలం గురించి చెప్పనక్కర లేదు. అయితే వరద ఒకే దిక్కుకు తోస్తుంది. అల మాత్రం ఒడ్డుకు తోసి, మరుక్షణంలో పాదాల కింది ఇసుకను తవ్వుతూ వెనక్కి లాగుతుంది, మోకాళ్లు సరిగా లేనివారు పడిపోయేది ఈ వెనక్కి లాగుడులోనే. చాతీ దాకా వచ్చే వేడర్ అనే నీళ్లు చొరని తొడుగు తొడుక్కుని నడుము లోతుకు దిగే ఆలోచన మానుకోండి. దిగినా పిక్కల లోతు దాటకూడదు, పై నడుము పట్టీ గట్టిగా బిగించాలి, లేకపోతే పడినప్పుడు అందులోకి నీళ్లు నిండుతాయి. నాచు పట్టిన రాతికట్టలు ఎక్కనివ్వకండి. ఇసుకలో పాతే గొట్టంలో రాడ్డును నిలబెట్టి, వెనకాల మడత కుర్చీ వేసుకుంటే ఆయనకు సుఖంగా ఉంటుంది, గొట్టంలో ఉన్న రాడ్డును గుంజాలన్న తొందర కూడా ఉండదు. చేప తగిలితే కర్ర దానంతట అదే వంగుతుంది కాబట్టి ఆయన అడిగినదానికి అదే జవాబు.

మీకు ఇంకా నెల సమయం ఉంది. నది నిండుగా ఉన్న ఈ రోజుల్లో ఒడ్డుకు పోకుండా, ఏదైనా ఖాళీ మైదానంలో పొడవాటి కర్ర, రీలు పెట్టి ముల్లు లేకుండా వట్టి సీసాన్ని విసరడం ఇద్దరూ సాధన చేయండి. వెనక ఎవరూ లేరని చూసుకుని, సీసాన్ని కర్ర కొస నుంచి రెండు మూడడుగులు వదిలి, కుడిచేత్తో తోస్తూ ఎడమచేత్తో కింది పిడిని పొట్ట వైపు లాగాలి. భుజం నొప్పి పుట్టిందంటే చేతుల బలంతో విసురుతున్నారన్నమాట.

పెన్నా ఒడ్డు:

ఒక్కమాట మిగిలింది. ఈ చేపలో పీసీబీ అనే పాత పారిశ్రామిక రసాయనం చేరి ఉంటుంది కాబట్టి గర్భిణులు, చిన్నపిల్లలు తినవద్దని న్యూజెర్సీ ఆరోగ్య సూచనలు చెబుతున్నాయి. పెద్దలు కూడా అప్పుడప్పుడే తినాలి. మీ అక్కగారింట్లో పిల్లలుంటే వారికి వేరే చేప కొనండి. వండేటప్పుడు చర్మాన్ని, కొవ్వును, చర్మం కింద పక్కల మధ్యగీత వెంట ఉండే ముదురు రంగు కండను తీసేయాలి. మాంసం తెల్లగా, గట్టిగా ఉంటుంది కాబట్టి చింతపండు పులుసులో చెదరదు. పట్టిన వెంటనే మంచులో పెట్టడానికి ఒక పెట్టె కారులో ఉంచుకోండి.