యెజ్డీ: ఒక సిలిండర్‌కి రెండు సైలెన్సర్లు ఎందుకు?

ప్రశ్న: మా మామయ్య పాత యెజ్డీ 250 బైక్ నాకిచ్చారు. సిలిండర్ ఒక్కటే, పైపులు మాత్రం రెండు. ఇది అందం కోసమేనా? కిక్ రాడ్ కూడా కనిపించట్లేదు, ఎలా స్టార్ట్ చేయాలి?

జవాబు: అందం కోసమే కాదు బ్రదర్. ఇలాంటి టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పొగ సిలిండర్ గోడకున్న పోర్టు (రంధ్రం) గుండానే బయటికి పోవాలి, ఆ పోర్టు ఒక్కటే పెట్టి బాగా వెడల్పు చేస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగు ఉబ్బి దాని అంచుకి తగులుకునే ప్రమాదం ఉంటుంది. పోర్టుని రెండుగా చేస్తే మధ్యలో రింగుకి ఆసరా దొరుకుతుంది, పొగకీ చాలినంత దారి ఉంటుంది; ఒక్కో పోర్టుకి ఒక్కో పైపు, అందుకే రెండు. చెక్ దేశపు జావా నుంచి వచ్చిన డిజైన్ ఇది, మైసూరులో ఐడియల్ జావా వాళ్లు 1996 దాకా తయారుచేశారు.

మరో జవాబు: కిక్ రాడ్ మీ ఎడమ కాలి దగ్గరే ఉందండీ, గేర్ లివరే కిక్ రాడ్! న్యూట్రల్‌లో పెట్టి, లివర్‌ని ఇంజిన్ వైపు లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే పైకి లేస్తుంది, ఇక కొట్టడమే. స్టార్ట్ అయ్యాక మళ్లీ ముందుకి తిప్పేయండి. ఇంత తెలివైన ఏర్పాటు ఇప్పటి బళ్లలో నాకెక్కడా కనపడలేదు.

ఇంకో జవాబు: అసలు విశేషం క్లచ్. గేర్ లివర్ నొక్కగానే లోపలున్న క్యామ్ (తిరుగుతూ నెట్టే భాగం) క్లచ్‌ని విడదీస్తుంది, కాబట్టి నడుస్తున్నప్పుడు చేత్తో క్లచ్ పట్టకుండానే గేర్ మార్చొచ్చు. బండి కదిలించేటప్పుడు మాత్రం చేతి క్లచ్చే వాడండి.

ప్రశ్న అడిగినవారు: స్టార్ట్ అయింది అన్నా! థాంక్యూ. పెట్రోల్‌లో ఆయిల్ ఎంత కలపాలి?