నెట్ నెమ్మదిస్తే కొత్త రూటర్ కొనాలా, ఉన్నదాని చోటు మార్చాలా?

రామగిరి నివాసి, నల్లగొండ:
మాది రామగిరిలో వరుసగా మూడు గదులున్న పాత ఇల్లు, దానిపై ఈ మధ్య వేసిన మేడ గది ఒకటి. 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ తీసుకొని రెండేళ్లయింది. కనెక్షన్ ఇచ్చిన రోజున వీధి గుమ్మం పక్క నుంచి తీగ లోపలికి తెచ్చి, కరెంటు మీటరు బోర్డు కింద రూటర్ బిగించి వెళ్లారు. నాటి నుంచి అది అక్కడే ఉంది. ముందు గదిలో ఫోనుకు 80 దాకా వస్తుంది గాని, మా అమ్మాయి ఎప్‌సెట్ పాఠాలు వినే వెనుక గదిలో 8 దాటదు. పాఠం మధ్యలో బొమ్మ నిలిచిపోతుంది, సందేహం అడిగే సమయానికి గొంతు తెగిపోతుంది. క్లాక్ టవర్ సెంటర్ దగ్గరి దుకాణంలో అడిగితే నాలుగు వేలు పెట్టి కొత్త రూటర్ కొనమన్నారు. డబ్బుకు వెనుకాడను, కాని పెట్టాక కూడా ఇదే తీరైతే ఏం చేయాలన్నదే నా దిగులు.

మిర్యాలగూడ వ్యాపారి:
కొనడమే మంచిదని నా అభిప్రాయం. కనెక్షన్‌తో పాటు ఇచ్చే పాత పెట్టెలలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండు ఒక్కటే ఉంటుంది. మా ఇల్లు బజారులో ఉంది, ఫోను తెరిస్తే ఇరుగుపొరుగు వైఫై పేర్లు పాతిక దాకా కనిపిస్తాయి, అవన్నీ ఆ ఇరుకు దారిలోనే నడవాలి. మూడు నెలలు చోట్లు మార్చి చూసి విసిగిపోయాక 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్న రూటర్ కొన్నాను, ఆ రోజే తేడా తెలిసింది. పిల్లల చదువు ముందర ప్రయోగాలు చేస్తూ కూర్చోవడం సరికాదు.

మెట్టుగడ్డ నెట్‌వర్క్ పనివారు, మహబూబ్‌నగర్:
మిర్యాలగూడ వారు చెప్పిన 2.4 ఇబ్బంది నిజమే. ఆ బ్యాండులో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్లు 1, 6, 11 మూడే, కనుక బజారు ఇళ్లలో రద్దీ తప్పదు. అయితే 5 గిగాహెర్ట్జ్ వేగమైనదే గాని గోడ దాటడంలో 2.4 కంటే బలహీనం. రామగిరి వారు కొత్త రూటర్‌ను కూడా ఆ మీటరు బోర్డు కిందే బిగిస్తే ముందు గదిలో వేగం పెరుగుతుంది, వెనుక గదిలో ఫోను మళ్లీ 2.4కే దిగుతుంది.

కొనే ముందు కొలవండి. లాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో రూటర్‌కు కలిపి, వైఫై ఆపి, పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేయండి. రెండుసార్లూ 90 పైన వస్తే లైను బాగున్నట్టే, నష్టమంతా ఇంటి లోపలే. పొద్దున వచ్చి రాత్రి పడిపోతే లోపం బయట ఉంది, అది ఏ రూటర్ కొన్నా పోదు.

నిరుడు మా వీధిలో ఒక ఇంటికి చూడటానికి వెళ్లాను. రూటర్ ఇనుప బీరువా వెనుక ఉంది. మిగిలిన ఫైబర్ తీగనంతా చుట్టగా చుట్టి మేకుకు తగిలించారు, ఆ మేకు మీద తీగ గోరంత మలుపు తిరిగి మడత పడినట్టుంది. ఫైబర్‌లో నడిచేది వెలుగు గనుక అంత బిగువుగా వంగిన చోట కొంత బయటికి జారిపోతుంది, అందుకే వారి రూటర్‌లో ఎర్ర దీపం వచ్చి పోతూ ఉండేది. చుట్ట విప్పి, అరచేతి వెడల్పున వదులుగా చుట్టి పెట్టగానే ఆ దీపం ఆరింది. తరువాత రూటర్‌ను బీరువా వెనుక నుంచి తీసి హాలులో ఛాతీ ఎత్తున పలక మీద పెట్టాము. వారు కొత్తగా ఏమీ కొనలేదు.

దేవరకొండ ఉపాధ్యాయుడు:
మీరంతా ఇంటి లోపలి సంగతే మాట్లాడుతున్నారు. మా వైపు తీగ కరెంటు స్తంభాల మీదుగా వస్తుంది, కోతులు పట్టుకొని ఊగితే సాగుతుంది, ఒక్కోసారి తెగుతుంది. పైగా ఒకే ఫైబర్‌ను 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు, రాత్రి అందరూ సినిమాలు పెడితే ఆ బరువు అందరి మీదా పడవచ్చు. నా మట్టుకు నాకు వేగం కంటే నిలకడ ముఖ్యం, ఎందుకంటే వీడియో పాఠానికి 5 ఎంబీపీఎస్ తెగకుండా వస్తే చాలు. కరెంటు రెప్పపాటు పోయినా రూటర్ మళ్లీ లేచేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అడాప్టర్ మీద 12 వోల్టులని ఉన్నది చూసి, దానికి సరిపడే చిన్న యూపీఎస్ పెట్టుకున్నాకే నా క్లాసులు కుదుటపడ్డాయి.

మెట్టుగడ్డ నెట్‌వర్క్ పనివారు, మహబూబ్‌నగర్:
యూపీఎస్ మాట అక్షరాలా నిజం, అది నేనే ముందు చెప్పవలసింది. నిలకడ గురించే ఇంకొకటి: పాఠం జరిగే వేళ ఇంట్లో మరొక ఫోను ఫోటోలన్నిటినీ బ్యాకప్ చేస్తుంటే పైకి వెళ్లే దారి (అప్‌లోడ్) నిండిపోయి, స్పీడ్ టెస్ట్ బాగున్నా గొంతు తెగుతుంది. బ్యాకప్‌ను రాత్రికి మార్చుకోవాలి.

రామగిరి నివాసి, నల్లగొండ:
కొలిచాను. కేబుల్‌తో పొద్దున 93, రాత్రి 92 వచ్చాయి, కాబట్టి మా లైనులో లోపం లేదు. మా గోడలు అడుగున్నర మందం రాతి గోడలు, రూటర్‌కూ వెనుక గదికీ మధ్య అలాంటివి రెండున్నాయి. లైన్‌మన్‌ను పిలిపించి తీగ పొడిగించి, రూటర్‌ను నడిమి గదికి మార్పించాను. మా దానిలో 5 గిగాహెర్ట్జ్ ఉందని ఆయన చెబితేనే తెలిసింది. ఇప్పుడు వెనుక గదిలో 40కి అటూఇటూ వస్తోంది, నాలుగు రోజులుగా పాఠం ఒక్కసారి కూడా ఆగలేదు. మేడ గదిలో మాత్రం స్లాబు అడ్డం వల్ల 10 దాటడం లేదు.

మిర్యాలగూడ వ్యాపారి:
పైగదికి మెష్ పెట్టండి, అంటే ఇల్లంతా ఒకే వైఫైగా పంచే రెండు మూడు పెట్టెల జత. తీగల గొడవ ఉండదు, గోడలు పగలగొట్టే పని ఉండదు.

మెట్టుగడ్డ నెట్‌వర్క్ పనివారు, మహబూబ్‌నగర్:
తీగ లేని మెష్ కూడా ఆ స్లాబులోంచే కిందికి మాట్లాడుకోవాలి. చవక రిపీటర్ అయితే విన్నదే మళ్లీ అదే బ్యాండులో పలుకుతుంది కనుక వేగం సగానికి పడుతుంది. క్యాట్ 6 రకం లాన్ కేబుల్ లాగి, పైన చిన్న రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే కేబుల్‌లో వచ్చిన నెట్‌ను ఆ గదికి వైఫైగా పంచేదిగా పెట్టండి. కొనలు బిగించేటప్పుడు లోపలి ఎనిమిది తీగలనూ కలిపించండి, నాలుగే కలిపితే రేపు 200 ప్లాన్ తీసుకున్నా 94 దగ్గరే ఆగిపోతుంది.

రామగిరి నివాసి, నల్లగొండ:
మేడమెట్ల పక్కన పాత డిష్ తీగ కోసం వేసిన పైపు ఖాళీగానే ఉంది, ఆదివారం కేబుల్ అందులోంచి లాగిస్తాను. పైపు చివర రెండు గజాల మేర కేబుల్ ఎండలో ఉంటుంది. దానికి బయట వాడే నల్ల కేబుల్ కొనాలా, మామూలు దానికే పైపు ముక్క తొడిగితే చాలునా?

మెట్టుగడ్డ నెట్‌వర్క్ పనివారు, మహబూబ్‌నగర్:
పైపు తొడిగితే చాలు. చివరి వంపును కిందికి తిప్పండి, వాన నీరు లోపలికి దిగదు.