దేవగన్నేరు కొమ్మ చిగురేసింది, కానీ అడుగున కుళ్లింది. ఎందుకు?

ప్రశ్న:
రెండు నెలల కింద మూడు దేవగన్నేరు కొమ్మలు, నాలుగు చైనా గోరింట కొమ్మలు నాటాను. కోసిన వెంటనే, పాలు ఇంకా కారుతుండగానే కుండీల్లో గుచ్చేశాను. రోజూ పొద్దున్నే నీళ్లు పోశాను. మూడో వారంలో ఒక దేవగన్నేరు కొసన రెండు ఆకులు విచ్చుకున్నాయి. ఇంకేం, బతికేసిందని ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. నిన్న కాస్త కదిపితే ఊడి చేతికొచ్చింది. అడుగున నల్లగా, మెత్తగా ఉంది, నొక్కితే నీరు కారుతోంది. ఒక్క వేరు లేదు! మరి ఆకులెలా వచ్చాయి? చైనా గోరింటేమో చిగురేసి వాడిపోతోంది.

జవాబు 1:
ఆకును చూసి నేనూ మోసపోయానండీ, అదీ రెండేళ్లు వరసగా. కొమ్మలో దాచుకున్న నీరు, పిండిపదార్థాలతోనే ఆ ఆకులు వస్తాయి. దేవగన్నేరు కొమ్మను ఊరికే మూల పడేసినా చిగురేస్తుంది.

మీ కొమ్మను చంపింది నీళ్లే. పాలు కారడం ఆగాక నీడలో వారం పది రోజులు ఆరనివ్వాలి. కోసిన చోట గట్టి పొర కడుతుంది. సగం ఇసుక కలిపిన మట్టిలో మూడు నాలుగు అంగుళాల లోతున నాటి, ఒక్కసారి నీళ్లు పోసి, మట్టి పూర్తిగా ఎండేదాకా మరిచిపోండి. వేళ్లకు 6 నుంచి 8 వారాలు పట్టొచ్చు, చలికాలమైతే ఇంకా ఎక్కువ. ఈలోగా పీకి చూడొద్దు (చేతులు ఊరుకోవు, తెలుసు).

మిగతా రెండూ తీసి చూడండి. నలుపు ఉంటే లోపల తెల్లగా కనిపించేదాకా కోసుకుంటూ పోండి. ప్రతి కోతకీ కత్తిని స్పిరిట్‌తో తుడవాలి. పాలు కంట్లో పడకుండా జాగ్రత్త.

జవాబు 2:
చైనా గోరింటకు ఆ పద్ధతి వద్దు, ఆరితే చచ్చిపోతుంది. పెన్సిల్ లావు కొమ్మను కణుపు కిందుగా కోసి, పైన రెండు ఆకులుంచి మిగతావి తీసేయండి. వేళ్ల హార్మోన్ పొడిలో అద్ది నాటి, ప్లాస్టిక్ కవరు కప్పి నీడలో పెట్టండి. ఎండలో పెడితే కవరులో ఉడికిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే కోసి చూశాను. ఒకదానికి జానెడు తెల్లటి కాండం మిగిలింది. రెండోది కొసదాకా గోధుమరంగే. మిగిలింది అటక మీద ఆరబెట్టాను. అన్నట్టు, ఎర్ర తురాయి కొమ్మ కూడా ఇలాగే నాటొచ్చా?

జవాబు 1:
తురాయికి విత్తనమే నయం. పెంకు గట్టిది, ఒక అంచున గరుకు కాగితంతో రుద్ది రాత్రంతా నానబెట్టండి.