అప్‌డేట్: సిలిండర్‌కి పౌడర్ కోటింగ్ వేయించలేదు

సముద్రంలో డైవింగ్‌కి గాలి నింపుకునే నా అల్యూమినియం స్కూబా సిలిండర్ పెయింట్ లేచిపోతోంది, బైక్ రిమ్ములకు వేసినట్టు పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి ఓవెన్‌లో కాల్చే పూత) వేయించనా అని ఇక్కడ అడిగాను కదా. వేయించలేదు. ఆ ఓవెన్ వేడి మామూలుగా 180 డిగ్రీలు దాటుతుంది, 177 దాటితే అల్యూమినియం బలం తగ్గి సిలిండర్ పక్కన పడేయాల్సిందే అని మీరు చెప్పాక చెమటలు పట్టాయి. షాపతను మాత్రం "ఏం కాదు సార్" అనేశాడు!

సిలిండర్ అడుగున తొడిగే బూటు (కప్పులాంటి తొడుగు) ఊడదీస్తే ఉప్పు, ఇసుక, అల్యూమినియం తినేసిన తెల్లటి పొడి... స్టిక్కర్ల కింద కూడా అదే. తనిఖీలో లోతు గుంతలు లేవన్నారు, బతికిపోయాను. అల్యూమినియాన్ని తినేసే కాస్టిక్ ఉన్న పెయింట్ రిమూవర్ జోలికి పోకుండా చేత్తోనే గీకి, ఓవెన్ అక్కర్లేకుండా గాలికి ఆరే ఎపాక్సీ ప్రైమర్ (అడుగు పూత), పైన పసుపు రంగు వేశాను, సిలిండర్ భుజం (పైన మెడ దగ్గరి వంపు) మీద కొట్టిన ముద్రలు కప్పకుండా. ఇప్పుడు రుషికొండ నుంచి రాగానే బూటు తీసి మంచినీళ్లతో కడుగుతున్నా. దాని మీద మా అమ్మాయి గీసిన తాబేలు మాత్రం సిలిండర్‌కి వల తొడుగు వేస్తే కనపడట్లేదు.