అప్‌డేట్: రైఫిల్‌లో ఖాళీ కేస్ చాంబర్‌లో ఇరుక్కోవడానికి కారణం దొరికింది

నా .308 సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో ఫ్యాక్టరీ మ్యాచ్ (పోటీ స్థాయి) తూటాలు వాడితే ఖాళీ కేస్ (కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టం) చాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, ఇరుక్కుంటోందని, ఒక్కోసారి బోల్ట్ (వెనక్కీ ముందుకీ కదిలి తూటాను లోపలికి నెట్టే భాగం) తర్వాతి తూటాను అందుకోకుండానే మూసుకుంటోందని అడిగాను కదా. తప్పు తూటాలదేనని అప్పుడు గట్టిగా నమ్మాను. కాదు.

మీరు చెప్పినట్టే కాల్చిన కేసుల్ని పారేయకుండా దాచి చూశాను. కేస్ అడుగు అంచు (రిమ్) మీద, కేస్‌ను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం చేసిన గాటు, అడుగున దాన్ని బయటికి విసిరే ఎజెక్టర్ రాసుకున్న మెరుపు గీత. అంటే ఒత్తిడి తగ్గకముందే, ఇత్తడి ఇంకా చాంబర్ గోడలకు అతుక్కుని ఉండగానే బోల్ట్ దాన్ని లాగేస్తోంది. గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవారు) గేజ్‌తో హెడ్‌స్పేస్ (బోల్ట్ ముఖానికీ చాంబర్‌లో తూటా ఆనే చోటుకీ మధ్య దూరం) కొలిచారు, సరిగ్గానే ఉంది. ఎక్కువైంది బోల్ట్‌ను వెనక్కి నెట్టే గ్యాస్. మ్యాగజైన్‌లో ఒక్కో తూటానే పెట్టి కాలుస్తూ, కాల్చాక బోల్ట్ వెనక్కి వెళ్లి ప్రతిసారీ అక్కడే ఆగడానికి సరిపడేంతే ఉంచి, గ్యాస్ బ్లాక్ (ఆ గ్యాస్‌ను సర్దే భాగం) దగ్గర గ్యాస్ తగ్గించాం. చాంబర్‌లో గట్టిపడ్డ మసి తీయించాను, అలసిపోయిన ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగ్ మార్పించాను. స్ప్రింగ్ ఒక్కటే మార్చి ఊరుకుంటే రిమ్‌లు ఇంకా చిరిగేవేమో!

తర్వాతి తూటా అందకపోవడం మాత్రం ఒకే మ్యాగజైన్‌తో జరిగేది. మ్యాగజైన్లన్నిటికీ నంబర్లు వేశాకే అది తెలిసింది. ఆ మ్యాగజైన్‌ను పక్కన పెట్టేశాను.

నిన్న అవే తూటాలు 60 కాల్చాను, ఒక్కసారీ ఆగలేదు. టెన్షన్ తీరింది, అందరికీ థ్యాంక్స్.