పాత నెల్లూరు ఫోటోలకు రంగులు వేయవచ్చునా?

పెన్నాగట్టు:

ఏడాదిగా ఈ వేదిక సభ్యులు ట్రంకుపెట్టెలు వెతికి పంపుతున్న పాత నెల్లూరు ఫోటోలు ఇప్పుడు ఒక చిన్న భాండాగారమంత అయ్యాయి. ట్రంకు రోడ్డు, చిన్నబజారు, సంతపేట, మూలాపేట వీధుల్లో ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేని పెంకుటిళ్లు, మిద్దెలు, అరుగులు, దుకాణాల ముందరి చెక్క స్తంభాలు వాటిలో ఉన్నాయి. గత నెలలో ఒక సభ్యుడు వాటిలో పదింటికి కృత్రిమ మేధతో రంగులు వేసి పెట్టారు. వాటిని చూసినవారి సంఖ్య చూస్తే మాకే ఆశ్చర్యం వేసింది. అదే సమయంలో ఇద్దరు సభ్యులు ఇది చరిత్రను చెరపడమేనని గట్టిగా అభ్యంతరం చెప్పారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. నలుపు తెలుపు ఫోటోను మా అబ్బాయి వయసువాళ్లు ఒక్క క్షణం కూడా చూడరు. రంగులు వేస్తే ఆగి చూస్తారు, ఇది ఎక్కడ అని అడుగుతారు. అసలు ఫోటోను పక్కనే ఉంచి, రంగులు యంత్రం వేసినవని కింద రాస్తే వచ్చే నష్టం ఏమిటో చెప్పండి.

గాజుపలక:

పెన్నాగట్టు గారూ, నష్టం ఎక్కడ ఉందో చెప్పడానికి ఆ ఫోటోలు ఎలా తయారయ్యాయో కొంత వివరించాలి. మా తాతగారు ఫోటో స్టూడియో నడిపారు కాబట్టి ఈ సంగతులు వింటూ పెరిగాను. (నా పేరులోని పలక మార్కాపురం పలక కాదు, నెగటివు తీసే గాజు పలక.)

ఆ పలకల మీద పూసే వెండి లవణాలు స్వభావరీత్యా నీలం, ఊదా వెలుతురుకే స్పందిస్తాయి. 1873లో ఒక జర్మన్ రసాయన శాస్త్రవేత్త కొన్ని అద్దకాలు కలిపితే ఆకుపచ్చ, పసుపు వెలుతురు కూడా పడుతుందని కనిపెట్టాడు. ఎరుపుతో సహా అన్ని రంగులకూ స్పందించే పలకలు అమ్మకానికి వచ్చింది 1906లో, అదీ ఇంగ్లండులో. ఆ తరువాత కూడా చాలా ఏళ్లు పాత రకమే విరివిగా వాడారు, ఎందుకంటే ఎర్ర దీపం కింద వాటిని భయం లేకుండా కడుక్కోవచ్చు. ఎర్ర దీపం వాటికి కనిపించదు, అంతే.

ఇప్పుడు గుడి గోడ మీది కావి, సున్నం పట్టీలను తలుచుకోండి. అటువంటి పలక మీద కావి దాదాపు నల్లగా పడుతుంది. నీలిమందు కలిపిన సున్నం మామూలు సున్నం లాగే తెల్లగా పడుతుంది. మరీ పాత పలకల మీదైతే గడపకు రాసిన పసుపు కూడా ముదురుగా పడి, గడప ఒట్టి నల్ల చెక్కలా కనిపిస్తుంది. ఆకాశం ఎప్పుడూ తెల్లటి కాగితమే, మబ్బు పట్టిన రోజో ఎండ కాసిన రోజో తెలియదు. యంత్రానికి ఇవేవీ తెలియవు. నల్లగా ఉన్నదానికి గోధుమ రంగో బూడిద రంగో వేస్తుంది, తెల్లటి ఆకాశానికి నీలం పూస్తుంది. కావి పట్టీలు పోయిన గోడ ఇక గుడి ప్రహరీ అనిపించదు, ఎవరిదో కొట్టు గోడ అనిపిస్తుంది. మన ఊళ్లో రంగు అంటే అలంకారం మాత్రమే కాదు, ఆ కట్టడం ఎవరిదో, ఎందుకోసమో చెప్పే గుర్తు. దాన్నే ఊహించి రాస్తే ఇక మిగిలేది ఏమిటి?

రంగనాయకులపేట:

గాజుపలక గారి వివరణకు కృతజ్ఞతలు. అయినా నేను రంగుల పక్షమే, దానికి మా ఇంట్లో జరిగినదే కారణం.

మా అమ్మమ్మకు ఎనభై ఆరేళ్లు. ఈ సంచయంలోని ఒక ఇంటి ఫోటోను రెండుసార్లు చూపించినా ఆమె పెద్దగా పట్టించుకోలేదు. రంగులు వేసినది చూపించగానే, "ఇది మా పెదనాన్న వాళ్ల ఇల్లు కదా, అయితే తలుపులకు ఈ ఆకుపచ్చ ఏమిటి, మైలుతుత్తం నీలం కదా ఉండాలి" అన్నారు. ఆ ఒక్క తప్పు దగ్గర మొదలుపెట్టి గంటసేపు చెప్పారు. 1927 తుపానులో ముందరి వసారా పెంకులన్నీ ఎగిరిపోయాయట. అంతకు ముందు ఉన్నవి నాటు పెంకులు, తరువాత వేసినవి మంగుళూరు పెంకులు. వెనుక వైపు మాత్రం నాటు పెంకులే ఉంచేశారట. ఇదంతా ఆమె తన తల్లి నోట విన్న మాట. ఫోటో మళ్లీ తీసి చూస్తే, ముందు వరుస పెంకు బల్లపరుపుగానూ, వెనుకది గుండ్రంగానూ ఉంది. నెలల తరబడి చూస్తున్నా మాలో ఎవరమూ అది గమనించలేదు. కాబట్టి ఆ ఫోటో 1927 తరువాతిదే అయి ఉండాలి. తప్పు రంగు పడకపోతే ఈ విషయం బయటికి వచ్చేదే కాదు.

ఒంగోలు బాటసారి:

మీరిద్దరూ రంగు గురించే వాదిస్తున్నారు గాని, నన్ను అడిగితే ఫోటో కింద రాసిన మాటలు అంతకన్నా ఎక్కువ మోసం చేస్తాయి. మా ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ తరువాత గుంటూరు జిల్లాకు మారింది, 1970లో కొత్త జిల్లాకు కేంద్రమైంది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారు 19వ శతాబ్దంలోనే నెల్లూరు, ఒంగోలులలో స్థిరపడ్డారు కాబట్టి మా ఊరి బడి, ఆసుపత్రి, ప్రార్థన మందిరాల ఫోటోలు కొన్ని తిరుగుతుంటాయి. వాటిలో దేని మీదైనా "ఒంగోలు, నెల్లూరు జిల్లా" అని కనిపిస్తే 1904కు ముందుదని తేల్చేసేవారు ఉన్నారు. అది ఫోటో తీసిన నాటి రాత కావచ్చు, పాత అలవాటు కొద్దీ తరువాత ఎవరో రాసినదీ కావచ్చు. చేతిరాత, సిరా, కాగితం చూడకుండా దానితో తేదీ కట్టకూడదు.

తలకిందులు కాకపోయినా కుడి ఎడమలు మారిన ఫోటోలు మరో తలనొప్పి. గాజు నెగటివును వెనుక వైపు నుంచి అచ్చు తీస్తే వీధి మొత్తం అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. మన సంచయంలో ఒక బజారు ఫోటోలో ఆడవాళ్లందరి పైటలూ కుడి భుజం మీద ఉన్నాయి, ఎవరైనా చూశారా? ఆ వీధి ఎక్కడిదో గుర్తుపట్టలేక నలుగురు నెల రోజులు తిరిగారు. తిప్పి చూస్తే సరిపోయేది.

మూలాపేట:

ఒక సందేహం. ఆ రోజుల్లోనే చేతితో రంగులు అద్దిన పోస్టుకార్డులు అమ్మేవారు కదా. వాటిని మనం భద్రంగా దాచుకుంటున్నాం. అప్పటి మనిషి చేతిలోని కుంచె చేస్తే చరిత్ర, ఇప్పటి యంత్రం చేస్తే నేరమా?

గాజుపలక:

మంచి ప్రశ్న అడిగారు. ఆ కార్డులలో చాలావాటిని జర్మనీలోనో ఇంగ్లండులోనో అచ్చువేశారు, రంగులు అద్దినవారిలో చాలామంది మన దేశం ముఖమే చూసి ఉండరు. కాబట్టి గోడ రంగు విషయంలో వాటిని కూడా నేను నమ్మను. అయితే ఆ కార్డు, ఆనాటి కొనుగోలుదారుకు మన ఊరిని ఏ రంగుల్లో చూపించి అమ్మారో చెప్పే సాక్ష్యం. ఇప్పటి యంత్రం వేసిన రంగులు కూడా వందేళ్ల తరువాత మన కాలం గురించి ఏదో చెబుతాయి, కాదనను. నెల్లూరు గోడ గురించి మాత్రం ఏమీ చెప్పవు.

కింద రాస్తే చాలదా అన్న పెన్నాగట్టు గారి ప్రశ్నకు నా జవాబు, చాలదనే. వాట్సాప్‌లో బొమ్మ ఒక్కటే ప్రయాణిస్తుంది, కింద రాసినది ఇక్కడే ఉండిపోతుంది. మా బంధువులు ఒకరు పాత ఇల్లు బాగుచేయిస్తూ, రంగులు వేసిన ఫోటోను మేస్త్రీకి చూపించి, ఇదే అసలు రంగు అని గోడలన్నిటికీ లేత గోధుమ రంగు కొట్టించారు. పాత సున్నాన్ని గీకి చూద్దామని మేస్త్రీ స్వయంగా అడిగాడట. అక్కర్లేదన్నారు.

రంగనాయకులపేట గారిని ఒకటి అడుగుతాను. ఆ తలుపుల గురించి అమ్మమ్మగారిని కాక ఇంకెవరినైనా అడిగారా?

రంగనాయకులపేట:

అడిగాను. దాచడం ఎందుకు, మా చిన్న మామయ్య ఆకుపచ్చే అన్నారు. అంతకు రెండు రోజుల ముందే ఆయన ఫోనుకు రంగుల ఫోటో వెళ్లింది. ఆయన తన జ్ఞాపకం చెప్పారో ఫోనులో చూసినది చెప్పారో ఆయనకే తెలియకపోవచ్చునన్న మీ అనుమానం నాకు అర్థమైంది.

పెన్నాగట్టు:

నేను కొంత వెనక్కి తగ్గుతున్నాను. పెద్దలకు ముందు నలుపు తెలుపు ఫోటోనే, చేతిలో పట్టుకోగలిగేంత పెద్దదిగా అచ్చువేసి చూపిద్దాం. వారు చెప్పినది రాసుకున్న తరువాతే రంగులది చూపిద్దాం. రంగులు వేసిన ప్రతి బొమ్మలోనూ "యంత్రం ఊహించిన రంగులు" అన్న మాట గోడకు అడ్డంగా పడినా సరే, బొమ్మలోనే ఉండాలి. గాజుపలక గారికి ఇది సమ్మతం కాదని నాకు తెలుసు.

గాజుపలక:

సమ్మతం కాదు. కానీ మొదటి భాగం వరకు నేనూ వస్తాను.

రంగనాయకులపేట:

ఒక చిన్న చేర్పు. మీరు మేస్త్రీ సంగతి చెప్పిన తరువాత నాకు గుర్తుకు వచ్చింది. ఆ ఇల్లు పడగొట్టినప్పుడు తలుపు రెక్క ఒకటి మా ఇంటికి వచ్చి, ఇప్పటికీ పెరట్లో స్నానాల గదికి ఉంది. ఈ ఉదయం మడతబందు పక్కన, ఎండ తగలని చోట బ్లేడుతో అంగుళం మేర గీకాను. పైన గోధుమ రంగు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద మైలుతుత్తం రంగు, ఆ తరువాత చెక్క.

అమ్మమ్మకు చూపిస్తే, "నేను చెప్పలేదూ" అన్నారు. ఫోను చేస్తే మామయ్య కూడా అదే మాట అన్నారు. ఆయన అమ్మమ్మ కన్నా పద్దెనిమిదేళ్లు చిన్న, ఆయన ఎరిగిన తలుపు ఆకుపచ్చదే అయి ఉండవచ్చు. ఫోటోలో తలుపు లేతగా ఉంది కాబట్టి, అది ఎరుపును చూడని పాత రకం పలక అయితే, నీలం రోజులదని అనుకోవచ్చు. ఆ పలక ఏ రకానిదో తెలియాలంటే నెగటివు కావాలి. ఫోటో పంపిన సభ్యుని ఇంట్లో ఆ గాజు ముక్క ఇంకా ఉందేమో కనుక్కుంటారా, పెన్నాగట్టు గారూ?