ఐరన్ మాత్ర ఇచ్చే రోజు రాగిజావ తాగవచ్చా?

మా అమ్మాయికి 12 ఏళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడిలో ఏడో తరగతి చదువుతోంది. ఈ మధ్య రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఆ వయసుకు కనీసం 12 ఉండాలట. ఆ చీటీ చూసినప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు.

బడిలో వారానికోసారి మధ్యాహ్న భోజనం తర్వాత నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. కడుపులో తిప్పుతుందని మా అమ్మాయి దాన్ని నాలుక కింద దాచి, చేతులు కడిగే కుళాయి దగ్గర ఉమ్మేస్తోందట. దాని స్నేహితురాలు చెబితే తెలిసింది. గుడ్డు తింటుంది కానీ పచ్చసొన పళ్ళెం అంచుకు నెట్టేస్తుంది. రాగిజావ మాత్రం, బెల్లం వేస్తారు కాబట్టి, గ్లాసు అడుగు కనిపించేదాకా తాగుతుంది.

రాగుల్లో కాల్షియం ఎక్కువని, అది ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదని చదివాను. ఉదయం జావ తాగి మధ్యాహ్నం మాత్ర వేసుకుంటే ఆ ఎడం చాలుతుందా? అన్నంలోకి నిమ్మకాయ ముక్క ఇచ్చి పంపితే మేలా? తిట్టకుండా మాత్ర మింగించే దారి ఏమిటి? శనివారం డాక్టరు దగ్గరకు తీసుకెళ్తున్నాను. అక్కడ ఏమేం అడగాలో కూడా అనుభవమున్న తల్లులు, ఉపాధ్యాయులు దయచేసి చెప్పండి.